380 ఎకరాలూ ఒక్క పూటలో వద్దు: హైదరాబాద్ ప్రైమరీ స్కూళ్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోని ప్రైమరీ స్కూళ్ల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, ముఖ్యంగా నర్సరీ నుంచి రెండో తరగతి దాకా చెప్పే టీచర్లకు,

నమస్కారం.

దసరా సెలవులు అయిపోగానే మీ స్టాఫ్ రూముల్లో పిక్నిక్ మాట మొదలవుతుంది. చలి ముదిరేసరికి బహదూర్‌పురాలో జూపార్కు గేటు ముందు పసుపు బస్సులు బారులు తీరతాయి. ఈ ఏడాది సర్క్యులర్ తల్లిదండ్రులకు వెళ్లకముందే నా మాట మీ చెవిన వేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను చిన్న తరగతులకు పాఠాలు చెప్పి రిటైరైన టీచర్‌ని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పిల్లల్ని వెంటబెట్టుకుని ఈ జూకి వెళ్లేదాన్ని. ఇప్పుడు మనవలతో వెళ్తున్నాను. కాబట్టి మీ కష్టం నాకు తెలుసు. మీ పిల్లల కష్టం అంతకంటే బాగా తెలుసు. అడిగేది ఒక్కటే. జూ మొత్తం చూపించేయాలన్న పట్టుదల వదిలేయండి. నాలుగైదు చోట్ల ఆగండి. ఆగిన చోట పిల్లల్ని తనివితీరా చూడనివ్వండి.

పోయిన చలికాలం ఒక పొద్దున ఖడ్గమృగం ఎన్‌క్లోజర్ దగ్గర ఉన్నాను. ఏదో స్కూలు పిల్లలు వచ్చారు, యూకేజీ వయసు. మెడలో ఐడీ కార్డులు, వీపున బ్యాగులు, ఒకరి చొక్కా అంచు ఒకరు పట్టుకుని నడుస్తున్నారు. "రైనో! అందరూ చూశారా? చూశాం మిస్ అనండి. సరే, పదండి పదండి." అంతే, లైను కదిలిపోయింది. వెనకాల ఉన్న సగం మందికి ముందువాళ్ల బ్యాగులు తప్ప ఏమీ కనబడలేదు. అయినా "చూశాం మిస్" అన్నారు. ఒక పాప మాత్రం కమ్మీ పట్టుకుని కదల్లేదు. ఖడ్గమృగం అప్పుడే బురదలోంచి లేచి పక్కకు తిరిగింది. "మిస్, దాని చొక్కాకి గుండీలున్నాయి!" అంది ఆ పాప. ఆయమ్మ వచ్చి రెక్క పట్టుకుని తీసుకెళ్లిపోయింది.

ఆ పాప చూసింది అక్షరాలా నిజం. మన దేశపు ఒంటికొమ్ము ఖడ్గమృగం తోలు మడతలు పడి పలకలు పలకలుగా ఉంటుంది. భుజాల మీద, తొడల మీద గుండ్రటి బుడిపెలు కనిపిస్తాయి. క్లాసులో చార్టు చూపించినప్పుడు ఏ పిల్లా ఈ మాట అనలేదు. ఇంకో రెండు నిమిషాలు ఆగి ఉంటే ఆ గుండీలు క్లాసంతా చూసేది. మన గోళ్లలో, జుట్టులో ఏ పదార్థం ఉందో దాని కొమ్ములోనూ అదే ఉందని చెబితే పిల్లలు తమ గోళ్లు తాము తడిమి చూసుకునేవాళ్లు. ఆరోజు అక్కడ వాళ్లు నేర్చుకున్నది "చూశాం మిస్" అనడం ఒక్కటే. చూడకుండానే చూశామని చెప్పడం ఐదేళ్ల వయసులో నేర్పిస్తున్నామే అని నాకు చాలా బాధ కలిగింది.

ఆ టీచర్‌ని నేను తప్పుపట్టను. దాదాపు నలభై మంది పిల్లలు, తోడు ఒక్క ఆయమ్మ. బుర్రలో ఒకటే లెక్క తిరుగుతుంటుంది: అందరూ ఉన్నారా, ఎవరైనా తప్పిపోయారా అని. పైగా మధ్యాహ్నానికి భోజనాలు కానిచ్చి సాలార్‌జంగ్ మ్యూజియంకి బయల్దేరాలి. వీలైతే చార్మినార్ కూడా బస్సులోంచి చూపించాలి. ఆ టెన్షన్‌లో గుండీలు ఎవరికి కనబడతాయి? తప్పు ప్లానులో ఉంది. ఆ ప్లాను వేసేది మీరు.

జూ ఎంత పెద్దదో ఒకసారి గుర్తు చేసుకుందాం. మీరాలం చెరువు పక్కన దాదాపు 380 ఎకరాలు. 1963 అక్టోబర్ 6న జనానికి తెరిచారు. అంతకుముందు బాగే ఆమ్‌లో, అంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో, ఉన్న జంతువుల్ని ఇక్కడికి తెచ్చారు. ఇప్పుడు సఫారీ ఉంది, పాముల ఇల్లు ఉంది, సీతాకోకచిలుకల పార్కు, అక్వేరియం, శిలాజాల మ్యూజియం, డైనోసార్ బొమ్మలు, టాయ్ ట్రైన్, ఇన్ని ఉన్నాయి. నడక అలవాటున్న పెద్దవాళ్లకే సాయంత్రానికి కాళ్లు పీకేస్తాయి. మనం ఒక అడుగు వేసే చోట ఐదేళ్ల పిల్ల రెండడుగులు వేస్తుంది. మియాపూర్ నుంచో ఈసీఐఎల్ నుంచో బయల్దేరిన పిల్లలు గేటు దగ్గరికి వచ్చేసరికే సగం అలిసిపోయి ఉంటారు, ఒకరిద్దరు బస్సులో వాంతి చేసుకుని ఉంటారు. ఆరాంఘర్ నుంచి జూపార్కు దాకా 2025 జనవరిలో ఫ్లైఓవర్ మొదలయ్యాక శంషాబాద్, రాజేంద్రనగర్ వైపు వాళ్లకు కాస్త సులువైంది. మిగతావాళ్లకు ఊరు దాటడమే ఒక పని. అలా వచ్చిన పిల్లలకు ఈ మొత్తం ఒక్క పూటలో తిప్పి చూపించడం ఎలా ఉంటుందంటే, భోజనాల బంతిలో కూర్చోబెట్టి విస్తరి నిండా ఇరవై రకాలు వడ్డించి, ఐదు నిమిషాల్లో లేవమన్నట్టు ఉంటుంది.

ప్రోగ్రాం ఇంత పొడుగు ఎందుకవుతుందో కూడా మనందరికీ తెలుసు. తల్లిదండ్రుల దగ్గర తలకు ఇంత అని వసూలు చేస్తాం. అంత తీసుకుని జూ ఒక్కటే అంటే బాగుండదని మ్యూజియం చేరుస్తాం, ప్లానిటేరియం చేరుస్తాం. లిస్టు పొడుగు చూసి తల్లిదండ్రులూ సంతోషిస్తారు. దయచేసి లిస్టు తగ్గించండి, ఫీజూ తగ్గించండి. 2025 మార్చి నుంచి జూ టికెట్ పెద్దలకు 100 రూపాయలు, పిల్లలకు 50. మిగతాదంతా బస్సు, తిండి, మనం చేర్చిన అదనాలు. ఫీజు తగ్గితే ఇంకో మేలుంది. దాదాపు ప్రతి క్లాసులో ఇద్దరో ముగ్గురో డబ్బు కట్టలేక ఆరోజు ఇంట్లో ఉండిపోతారు. మర్నాడు క్లాసంతా పులి గురించి మాట్లాడుకుంటుంటే వాళ్లు పుస్తకంలో తలదూర్చి కూర్చుంటారు. అలాంటి పిల్లల్ని నేను చూశాను. ఆ ఇద్దరు ముగ్గురి ఖర్చు స్కూలు భరించడం ఏ యాజమాన్యానికీ తలకు మించిన పని కాదు.

ఇక వేళ సంగతి. బస్సులు చాలావరకు పదకొండు దాటాక వస్తాయి. అప్పటికి పులులూ సింహాలూ నీడ వెతుక్కుని పడుకుంటాయి. సింహం రోజులో 20 గంటల దాకా విశ్రాంతి తీసుకోగల జంతువు. పగటి నిద్ర దాని స్వభావం. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పకపోతే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. "లే! లే!" అని అరుపులు, ఈలలు, చప్పట్లు. పక్కన నిలబడ్డ కుటుంబాల్లో పెద్దవాళ్లే ముందు మొదలుపెడతారు, మన పిల్లలు అందుకుంటారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 38జె సెక్షన్ ప్రకారం జూలో జంతువుల్ని ఏడిపించినా, గాయపరిచినా, వాటికి తిండి పెట్టినా, చప్పుడు చేసి ఇబ్బంది పెట్టినా, ఆవరణలో చెత్త వేసినా నేరమే. జైలుశిక్ష దాకా ఉంది. టీచర్లుగా మనకు ఇది తెలిసి ఉండాలి. పిల్లలకు సెక్షన్ నంబర్ అక్కర్లేదు. "ఇది దాని ఇల్లు, అది పడుకుంది, మెల్లగా మాట్లాడదాం" అంటే చాలు. నాలుగేళ్ల పిల్లలు ఈ మాటని ఎంత శ్రద్ధగా పట్టుకుంటారో! నోటి మీద వేలు పెట్టుకుని, పక్కనున్న అంకుల్‌ని కూడా "ష్" అంటారు. ఒకసారి అలా ఒక పిల్లాడు ష్ అంటే, ఈల వేస్తున్న ఒక పెద్దాయన నిజంగానే ఊరుకున్నాడు.

తిండి విషయం కూడా ఇంతే. పిల్లలకు ప్రేమ ఎక్కువై చేతిలో ఉన్న బిస్కెట్టు కోతికి ఇవ్వాలనిపిస్తుంది. వాటికి వాటి డాక్టరు, వాటి డైట్ ఉంటాయని చెప్పండి. చిప్స్ ప్యాకెట్లు ఆరోజుకి అసలు వద్దని సర్క్యులర్‌లోనే రాయండి. పులిహోర, పెరుగన్నం స్టీలు డబ్బాలో తెచ్చుకుంటే చెత్తా ఉండదు, కడుపూ చల్లగా ఉంటుంది.

ఎక్కడ ఆగాలో కూడా చెబుతాను. అన్నిటికంటే ముందు నేను మొసళ్ల దగ్గర ఆగమంటాను. అక్కడ ప్రతి చిన్నపిల్లా మొదట అడిగేది "ఇది బొమ్మా?" అని. నిజంగానే బొమ్మలా ఉంటుంది. ఒడ్డున నోరు తెరుచుకుని, కట్టెలా పడి ఉంటుంది. ఓపిక లేనివాళ్లు బతికుందో లేదో చూద్దామని రాయి విసురుతారు. మీరు పిల్లల్ని అక్కడే కింద కూర్చోబెట్టండి. "ముందుగా కదలిక ఎవరు కనిపెడతారో చూద్దాం" అనండి. కాసేపటికి ఎవరో ఒకరు పట్టేస్తారు, పొట్ట పక్కన చర్మం సన్నగా పైకీ కిందికీ ఆడుతోందని. అది ఊపిరి. ఇంకాసేపు చూస్తే కంటి మీదుగా పల్చటి పొర ఒకటి అడ్డంగా జారి మళ్లీ వెనక్కి పోతుంది. మొసలికి పైరెప్ప, కిందిరెప్ప కాక మూడో రెప్ప కూడా ఉంటుంది, నీళ్లలో కన్నును కాపాడుకోవడానికి. ఆ పొర కదలడం మొదటిసారి చూసిన పిల్లలు పెట్టే కేక వినాలి. ఆ తర్వాత వాళ్లను అక్కణ్నుంచి లేపడం కష్టం.

నోరెందుకు తెరిచి ఉంచిందని తప్పకుండా అడుగుతారు. కోపంతో కాదు, ఒంట్లో వేడి బయటికి పంపడానికి. "మనలా చెమట పట్టదా టీచర్?" అని ఒకడు అడిగాడు. పట్టదు. అందుకే నోరు తెరుస్తుంది, ఎండ ఎక్కువైతే నీళ్లలోకి జారుకుంటుంది. నీళ్లలో ఉన్నదాన్ని చూపిస్తే కళ్లూ ముక్కురంధ్రాలూ మాత్రమే పైకి కనిపిస్తాయి. అవి తల మీద ఎందుకున్నాయో పిల్లలే చెప్పేస్తారు, మీరు చెప్పక్కర్లేదు. ఇదంతా పది నిమిషాల పని. మన టైమ్‌టేబుల్లో ఆ పది నిమిషాలు ఉండవు.

రెండోది, రాత్రి తిరిగే జంతువుల ఇల్లు. 1982లో పెట్టారు. అక్కడ పగలును రాత్రి చేశారు: జనం వచ్చే వేళ లోపల చీకటి, జనం వెళ్లిపోయాక దీపాలు. లోపల ఉండే దేవాంగపిల్లి, గబ్బిలాలు, గుడ్లగూబలు, పునుగుపిల్లి మన పగటిని తమ రాత్రి అనుకుని మేలుకుని తిరుగుతాయి. ఇంత చక్కటి ఏర్పాటు వృథా పోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి పిల్లల్ని తిన్నగా లోపలికి తోస్తారు. చీకటికి కళ్లు అలవాటు పడాలంటే కొన్ని నిమిషాలైనా పడుతుంది, బాగా కనబడాలంటే ఇరవై నిమిషాలు దాటుతుంది. వాళ్లకేమో గోడలు కూడా కనబడవు. ఒకరు ఏడుస్తారు, ఒకరు పక్కవాడి కాలు తొక్కుతారు, ఎవరో పెద్దవాళ్లు ఫోన్ టార్చి వేస్తారు. ఆ టార్చి వెలుగు పెద్ద పెద్ద కళ్లున్న దేవాంగపిల్లి ముఖాన పడుతుంది. రెండు నిమిషాల్లో లైను బయటికొచ్చి "లోపల ఏం లేవు" అంటుంది.

దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం ఉంది. లోపలికి వెళ్లేముందు చెట్టు నీడలో ఆపి, అరచేతులతో కళ్లు మూసుకోమనండి. ఒక పాట పాడించండి. లోపలికి వెళ్లగానే నడిపించకండి, గోడ పక్కన నిలబెట్టి మెల్లగా వంద దాకా లెక్కపెట్టించండి. ఆ లెక్క అయ్యేలోపే ఎవరో "అదిగో" అంటారు. చీకటంటే భయపడే పిల్లల్ని మాత్రం బలవంతపెట్టకండి. వాళ్లు ఆయమ్మతో బయట కూర్చుని చెట్ల మీద పిట్టల్ని చూసుకున్నా నష్టం లేదు.

మూడోది ఏనుగు. ఈ జూలో రాణి అనే ఏనుగు ఉండేది. బాగే ఆమ్ నుంచి వచ్చిన పాత తరం జంతువుల్లో అదొకటి. బోనాల్లో, మొహర్రం బీబీకా ఆలం ఊరేగింపుల్లో నడిచింది. ఎనభై ఏళ్లు దాటి బతికి 2020లో కన్నుమూసింది. పాతబస్తీలో అమ్మమ్మలూ నానమ్మలూ చాలామందికి ఆ ఏనుగు తెలుసు. అలాగే బాగే ఆమ్ నుంచే వచ్చిన గాలపాగోస్ తాబేలు 2024లో పోయింది. దానికి 125 ఏళ్లుంటాయని జూ వాళ్ల లెక్క. వెళ్లేముందు రోజు ఈ రెండు కథలూ క్లాసులో చెప్పి చూడండి. ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేత తింటుందని చెప్పి, మన క్లాసులో ఎంతమందిని తూస్తే అంత బరువవుతుందో లెక్కేయించండి. మర్నాడు ఆ పిల్లలు ఏనుగు ముందు నిలబడే తీరు వేరుగా ఉంటుంది. అది దుమ్ము తీసుకుని వీపు మీద చల్లుకుంటే "ఎందుకు?" అంటారు. ఎండ నుంచి, పురుగుల నుంచి కాపాడుకోవడానికి.

జిరాఫీ దగ్గర ఒకటే చెప్పండి: అంత పొడుగు మెడలోనూ ఏడే ఎముకలు, మన మెడలోనూ ఏడే. పిల్లలు తమ మెడ వెనక తడుముకుంటారు.

సఫారీ బస్సు, టాయ్ ట్రైన్, బ్యాటరీ బండ్లు వద్దనడం లేదు. ట్రైను పిల్లల ప్రాణం. కానీ కదులుతున్న బండిలోంచి పిల్లలు చూసేది బండినే. అందుకే ట్రైను చివర్లో పెట్టుకోండి, కాళ్లు నొప్పెట్టే వేళకి. సఫారీ తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోండి. వానాకాలం మీరాలం పొంగితే అటువైపు నీళ్లొస్తాయి, 2022 జూలైలో అలాగే సఫారీ మూసేశారు.

పిల్లలు అడిగే ఒక ప్రశ్నకు మాత్రం మీరు ముందే సిద్ధపడి వెళ్లాలి. "దీన్ని ఎందుకు లోపల పెట్టారు? ఏం తప్పు చేసింది?" ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు. దయచేసి "నిన్ను తినేస్తుంది కాబట్టి" అని చెప్పకండి. అది ఏ తప్పూ చేయలేదని చెప్పండి. కొన్ని ఇక్కడే పుట్టాయి, కొన్ని దెబ్బలు తగిలో తల్లి దూరమయ్యో దొరికితే తెచ్చారు, అడవిలో బతకడం వాటికి రాదు. ఇక్కడ పెంచి మళ్లీ అడవిలో వదిలినవీ ఉన్నాయి. కుందేలంత ఉండే మూషిక జింకల్ని హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లకు, అంతరించిపోతున్న జీవుల్ని కాపాడేందుకు లాకోన్స్ అనే ప్రయోగశాల ఉంది, దానితో కలిసి ఈ జూలోనే పెంచి, నల్లమలలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో వదిలారు. నగరంలో పుట్టిన జింక అడవికి వెళ్లిందంటే పిల్లలకు అదొక పెద్ద కథ.

ఏదైనా జంతువు ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతూ కనిపిస్తే, అది డ్యాన్స్ చేస్తోందని చెప్పకండి. దానికి తోచడం లేదనీ, ఇంకా ఎక్కువ చోటూ పనీ కావాలనీ నిజం చెప్పొచ్చు. ఐదేళ్ల పిల్లలకు అది అర్థమవుతుంది. సెలవుల్లో ఫ్లాట్‌లో తలుపులు వేసి కూర్చోబెడితే ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు కదా. తెల్లపులి దగ్గర కూడా ఇంతే. దాన్ని వేరే జాతిగా చెప్పకండి. అదీ మామూలు పులే, పుట్టుకతో వచ్చిన తేడా వల్ల రంగు అలా ఉంది. 1951లో మధ్యప్రదేశ్‌లోని రీవా అడవుల్లో పట్టుకున్న మోహన్ అనే పులిపిల్ల సంతతే జూలలో ఇలా పెరిగింది. రంగు కోసం దగ్గర బంధువులైన పులుల్నే జతకట్టించడం వల్ల వాటికి జబ్బులు కూడా వచ్చాయి. ఇది పిల్లలకు చెప్పనక్కర్లేదు, మీకు తెలిస్తే చాలు.

జాగ్రత్తల గురించి పొడుగ్గా రాయను, మీకు తెలిసినవే. పది మందికి ఒక పెద్దమనిషి ఉండాలి. టీచర్లు చాలకపోతే వీలున్న అమ్మల్నీ నాన్నల్నీ రమ్మనండి, సంతోషంగా వస్తారు. చేతికి కట్టే పట్టీ మీద పిల్ల పేరు పెద్ద అక్షరాలతో రాయకండి. పేరు పెట్టి పిలిచిన అపరిచితుడి వెంట చిన్నపిల్లలు తేలిగ్గా వెళ్లిపోతారు. స్కూలు ఫోన్ నంబర్ రాయండి. టాయిలెట్లు ఎక్కడున్నాయో, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో ముందే ఒక టీచర్ వెళ్లి చూసి రావాలి. సోమవారం జూకి సెలవు. ఆదివారాలు, పండగ మర్నాళ్లు, జనవరి ఒకటి వద్దే వద్దు, జనంలో పిల్లల్ని పట్టుకోలేం. మార్చి దాటితే మానుకోండి. జూ వాళ్లే జంతువులకు కూలర్లూ స్ప్రింక్లర్లూ పెట్టే ఎండలో మన పిల్లల్ని తిప్పడం ఏం న్యాయం?

జలుబూ జ్వరం ఉన్న పిల్లల్ని ఆరోజు ఆపమని తల్లిదండ్రులకు గట్టిగా చెప్పండి. ఇది పిల్లల కోసమే కాదు. 2021 మేలో ఈ జూలోనే 8 ఆసియా సింహాలకు కరోనా సోకినట్టు పరీక్షల్లో తేలింది. మన దేశంలో జూ జంతువులకు సోకినట్టు బయటపడ్డం అదే మొదలు. అవి కోలుకున్నాయి, మన అదృష్టం. మనుషుల జలుబు చింపాంజీల్లాంటి వాటికీ అంటుకుంటుంది. పిక్నిక్‌కి వెళ్లలేకపోతే పిల్ల ఏడుస్తుంది, నిజమే. అందుకే ఒకే రోజు పెట్టుకోకుండా క్లాసుకో రోజు వెళ్తే, ఆరోజు రాలేకపోయిన పిల్ల పక్క సెక్షన్‌తో వెళ్లొచ్చు.

ఇంకొకటి మనసులో పెట్టుకోకుండా చెప్పేస్తాను. గేటు ముందు బ్యానర్ పట్టుకుని గ్రూప్ ఫోటో. పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టి, సరిచేసి, చేతులు ఊపించి, ఎండలో అంతసేపు నిలబెడతారు. ఆ పొద్దుటి పూటే పులి లేచి తిరుగుతూ ఉంటుంది. ఫోటో స్కూలుకు కావాలి, కాదనను. వెళ్లిపోయేటప్పుడు తీసుకోండి. చెమటలు పట్టి, బూట్లకు మట్టి అంటిన పిల్లల ఫోటో చూసి ఏ తల్లీ బాధపడదు.

తిరిగొచ్చాక "మై విజిట్ టు జూ" అని పది లైన్లు బోర్డు మీద రాసి దించుకోమనకండి. ఎన్ని జంతువులు చూశావని అడగకండి. ఎక్కడ ఎక్కువసేపు ఉన్నావు, అదేం చేస్తోంది అని అడగండి. ఇంట్లోనూ అలాగే అడగమని డైరీలో రాసి పంపండి. కాగితం ఇచ్చి బొమ్మ వేయమనండి. మొసలికి మూడో రెప్ప గీసిన బొమ్మ ఒకటి నా దగ్గర ఉంది. మొసలి బల్లిలా ఉంది, కన్ను మాత్రం సరిగ్గా ఉంది.

ఇందులో ఏదీ జూ అధికారుల అనుమతి కావలసిన పని కాదు. కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు. ఒక్క సర్క్యులర్ మార్చాలి. ప్రోగ్రాంలోంచి మ్యూజియం తీసేయాలి, బస్సు గంట ముందు కదలాలి, నాలుగైదు పేర్లు మాత్రమే ఉన్న లిస్టు టీచర్ చేతికివ్వాలి. అన్నీ చూపించలేదని ఏ తండ్రైనా ఫోన్ చేస్తే టీచర్ మీదకి నెట్టకుండా ప్రిన్సిపాలే జవాబు చెప్పాలి. టీచర్లకు ధైర్యం వచ్చేది అక్కడే.

ముందుగా వెళ్లి దారి, నీడ, టాయిలెట్లు చూసిరావడానికి మీరు పంపే టీచర్లతో పాటు రావడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఎక్కడ కూర్చుంటే మొసలి బాగా కనబడుతుందో, ఏ చెట్టు కింద పిల్లలతో పాట పాడించాలో చూపిస్తాను. గేటు తెరిచే వేళకు అక్కడుంటాను. సోమవారం తప్ప ఏ రోజైనా సరే.

ఇట్లు,
చిన్న తరగతుల రిటైర్డ్ టీచర్,
హైదరాబాద్